గింజలు తీసిన కారం

అంకమ్మ మిరపకాయ తొడిమ తుంచి, బొటనవేలి గోరుతో కాయను నిలువునా చీల్చి, చాట మీద బోర్లించి తట్టింది. గింజలు రాలాయి. రాలని వాటిని చీపురుపుల్లతో గీకింది. ఉత్త తొక్క మిగిలాక ఎడమ పక్కనున్న గంపలో వేసి ఇంకో కాయ అందుకుంది. పొద్దుట కాఫీలయిన దగ్గర్నుంచీ ఇదే పని. గంప అడుగు ఇంకా కనబడుతూనే ఉంది. గోరు కింద మొదలైన మంట మాత్రం మణికట్టు దాటింది.

వసారా మెట్టు మీద కూర్చుని తొడిమలు తీసిపెడుతున్న రసూల్‌బీ గింజల కుప్పను చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీధి చివర కారంమర ఆవిడదీ, ఆవిడ భర్త మాలిక్‌దీ. ఎండాకాలం వస్తే ప్రత్తిపాడులో సగం ఇళ్ళ కారం ఆ మరలోనే నలుగుతుంది.

"అంకమ్మక్కా, మిరపకాయకి పురుడు పొయ్యటం నా జన్మలో ఇదే చూడటం."

"నవ్వమాక. గింజలుంటే ఆ దేశంలో దిగనివ్వరంట."

"పట్టుకుపొయ్యేది కారం గదా. మరలో పడ్డాక గింజేంది, తొక్కేంది?"

"నేనూ అదే అడిగా."

"ఏమంది?"

అనవలసింది అనడానికి శ్రీరమ్య తనే బయటికొచ్చింది. అంకమ్మ తమ్ముడి భార్య. వారం నుంచీ ఇంట్లో కూడా బూట్లు వేసుకునే తిరుగుతోంది. అక్కడికి వెళ్ళాక అలవాటు లేక ఇబ్బంది పడకూడదట. చేతిలో కన్సల్టెన్సీ వాళ్ళిచ్చిన కాగితం.

"వదినా, ఇదుగో, క్లియర్‌గా ఉంది. సీడ్స్ నాట్ అలౌడ్. సీడ్స్ అంటే విత్తనాలు. ఒక్క గింజ దొరికినా ఫైన్ వేస్తారు, పేరు రాసుకుంటారు. న్యూజిలాండంటే మన సంత కాదు. ఎయిర్‌పోర్టులో కుక్కలుంటాయి. సూట్‌కేసులన్నీ వాసన చూస్తాయి."

"ఈ కారం వాసన చూశాక ఆ కుక్క బతుకుద్దా అమ్మా?" అంది రసూల్‌బీ.

శ్రీరమ్య నవ్వలేదు. "ఆ గింజలు ఎప్పటికప్పుడు బయట పారబొయ్యి వదినా. ఇంట్లో ఉంచితే బట్టలకి అంటుకుంటాయి," అని లోపలికి వెళ్ళింది. మడమల దగ్గర తోలు రాసుకుని బొబ్బలెక్కినట్టున్నాయి, బూట్లలోంచి దూది బయటికి కనబడుతోంది. ఆ దూదిని గుమ్మం దాటేదాకా చూసి అంకమ్మ ఇంకో కాయ చీల్చింది.

మధ్యాహ్నం చేతులకి కొబ్బరినూనె రాసుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు తమ్ముడు చైతన్యకృష్ణ బీరువా అద్దం ముందు ఉన్నాడు. మే నెల. ఫ్యాను తిరుగుతున్నా గోడలు సెగ కక్కుతున్నాయి. అతను దూది కుక్కిన కోటు తొడుక్కుని మెడ దాకా జిప్పు లాక్కున్నాడు. చెవుల వెనక నుంచి చెమట కారి కాలర్లోకి పోతోంది.

"అక్కడిప్పుడు చలికాలం మొదలక్కా. మనకి ఎండలైతే వాళ్ళకి చలి. భూమికి ఆ పక్కన కదా," అన్నాడు. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పీ చెప్పీ అతను ఎవరితో మాట్లాడినా బోర్డు ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

"కృష్ణా, పొడికి కూడా ఈ గింజల గొడవుందా?"

అద్దంలోంచే నవ్వాడు. "లేదక్కా. విత్తనాలంటే నాటేవి. పొడి తీసుకెళ్ళి ఎవరు నాటతారు? ఆ కాగితం నేనూ చదివా."

"మరి రమ్యకి చెప్పొచ్చుగా."

"చెబితే రాత్రంతా పేచీ. నీకు రెండ్రోజుల పని. నాకు రెండ్రోజుల ప్రశాంతత. కానియ్యక్కా."

అతను జిప్పు కిందికి లాగబోయాడు. కదల్లేదు. గట్టిగా లాగితే గడ్డం కింద చర్మం చిక్కుకుంది. "అక్కా, కాస్త పట్టు."

అంకమ్మ రెండు చేతులూ పైకెత్తి చూపించింది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి, గోళ్ళ చుట్టూ పసుపుపచ్చ నూగు అంటుకుని ఉంది. "వద్దులే, వద్దులే," అని వెనక్కి జరిగి, "రమ్యా!" అని కేకేశాడు.

సాయంత్రమయ్యేసరికి చూడవచ్చేవాళ్ళు మొదలయ్యారు. వెళ్ళాక తిరిగి రారని తెలిసినప్పటి నుంచీ ఊళ్ళో జనానికి వీళ్ళ మీద గౌరవం పెరిగింది. వచ్చిన ప్రతివాళ్ళకీ చైతన్యకృష్ణ గోడకి అంటించిన మ్యాపు చూపించి, దేశం ఎక్కడుందో వేలు పెట్టి చెబుతున్నాడు. కాలేజీలో సన్మానం చేసినప్పుడు కప్పిన శాలువా కుర్చీ వీపు మీద అందరికీ కనబడేలా వేసుంది. టీవీ మీద, కుట్టుమిషను మీద, గ్యాసుపొయ్యి మీద ఎవరికి ఏది చెందుతుందో పేర్లు రాసిన చీటీలు అంటించి ఉన్నాయి. వచ్చినవాళ్ళు మ్యాపు వైపు తల ఊపుతూ ఆ చీటీలు చదువుకుంటున్నారు.

"అక్కడ పనివాళ్ళు దొరకరండీ," శ్రీరమ్య చెబుతోంది. "అంట్లూ బట్టలూ వంటా అన్నీ మనమే. నాకేం భయం లేదు. ఇక్కడ మాత్రం నేను ఏ పనిమనిషిని పెట్టుకున్నాను?"

కాఫీ గ్లాసులు పంచుతున్న అంకమ్మ ఆమె ముందుకొచ్చి పళ్ళెం వంచింది. శ్రీరమ్య అటు చూడకుండానే గ్లాసు అందుకుంది.

"మీ వదినగారిని వదిలివెళ్ళటమే కష్టం," అంది కృష్ణతో పనిచేసే లెక్చరరు భార్య.

"అవునండీ, వదినగారు మాకు తల్లి లాంటివారు. కదా వదినగారూ? కూర్చోండి, మీరూ కాఫీ తాగండి." నలుగురిలో ఉన్నప్పుడు శ్రీరమ్య నోట మీరు, గారు వస్తాయి. నలుగురూ లేచిపోగానే అవీ లేచిపోతాయి.

అంకమ్మ కూర్చోలేదు. కూర్చోవడానికి కుర్చీ లేదు.

"అక్క సంగతి నేను చూసేశానండీ," అన్నాడు కృష్ణ. "ఏది ఎవరికివ్వాలి, ఏది ఎక్కడుండాలి, అన్నీ ప్లాను ప్రకారం పెట్టుకున్నా."

"చదువుకున్నవాడు చదువుకున్నవాడే," అని ఒకాయన మెచ్చుకున్నాడు.

చూసేశానన్నది ఏమిటో అంకమ్మకి తెలుసు. వెనక రెండు గదులు. ఇల్లు కొన్న కోల్డ్ స్టోరేజీ ఆసామితో ఆ రెండూ అక్క పేరు మీద మినహాయించే మాట్లాడానని కృష్ణ శివరాత్రి నాడు చెప్పాడు. ఆ మర్నాడే ఆమె సున్నం నానబెట్టింది. గోడలకి తనే వేసింది. పైకప్పు మూలలు అందక స్టూలు మీద స్టూలు పెట్టి ఎక్కింది. కిరసనాయిలు స్టవ్వు, నవారు మంచం, బట్టల పెట్టె అక్కడికి చేర్చుకుంది. తలుపు లోపలి గడియ విరిగి ఉంటే వడ్రంగిని పిలిచి కొత్తది బిగించుకుంది. తన చేత్తో లోపల గడియ పెట్టుకునే గది ఆమెకి ఇంతవరకూ లేదు.

బుల్లయ్య మర్నాడు పొద్దున్నే పర్చూరు నుంచి ట్రాలీ ఆటో వేసుకొచ్చాడు. కృష్ణకీ అంకమ్మకీ పిన్ని మొగుడు. దిగుతూనే వీధంతా వినబడేలా అరిచాడు.

"ఏరా కృష్ణా! విమానం ఎక్కే మొహమేనా అది? జెర్రిని మింగిన కోడి మల్లే ఉన్నావు!"

ఫ్రిజ్జును ఇద్దరు కూలీలు ఎత్తి బండిలోకి చేర్చారు. పందిరిమంచం విప్పి కోళ్ళు, పట్టెలు వేరు చేసి పక్కన పేర్చారు. అంకమ్మ పెరట్లో తడికె మీద తొక్కలు ఆరబోస్తోంది. బుల్లయ్య చెమట తుడుచుకుంటూ అక్కడికొచ్చాడు.

"అమ్మాయ్, నీ సామానేది? ఫ్రిజ్జు పక్కన చోటుంది, పెట్టె అందులో పడేద్దాం. నువ్వు రేపు వీళ్ళని పంపించాక వద్దువుగాని. బీరువాకి ఎట్టాగూ ఇంకో ట్రిప్పు రావాలి."

"నా సామాను ఎక్కడికి బాబాయ్?"

"పర్చూరుకి! పిన్నికి పక్షవాతం వచ్చి మంచాన పడిందిగా. ఎత్తాలి, దించాలి, పక్క మార్చాలి. జీతానికి వచ్చినోళ్ళు నెలైనా నిలవట్లా. నువ్వుంటే నాకు చింత లేదు." అంకమ్మ మొహం చూసి ఆగాడు. "కృష్ణ చెప్పలా? ఫ్రిజ్జూ, బీరువా, పందిరిమంచం, అక్క, అన్నీ నీకే బాబాయ్ అన్నాడే!"

చెప్పి నవ్వాడు. ఆ నవ్వులో కల్మషమేం లేదు. మంచి గేదె కుదిరినవాడి నవ్వు.

అంకమ్మ చేతిలో ఉన్న తొక్కలన్నీ తడికె మీద పలచగా పరిచింది. ఒకదాని మీద ఒకటి పడ్డవాటిని వేలితో విడదీసింది. అప్పుడు లేచి లోపలికి వెళ్ళింది.

కృష్ణ సూట్‌కేసు తాళం నంబరు సరిచూసుకుంటున్నాడు. ఆమెను చూడగానే కిటికీలోంచి, "బాబాయ్, ఫ్రిజ్జు డోరుకి తాడు కట్టించావా?" అని అరిచాడు.

"వెనక గదులు?" అంది అంకమ్మ.

"అదే చెబుదామనుకుంటున్నా. ఆసామికి మొత్తం ఖాళీగా కావాలంట. గోడలన్నీ కొట్టించి గోడౌన్ వేసుకుంటాడు. నేనేం చేసేదక్కా?"

"ఎప్పుడు చెప్పాడు?"

"రిజిస్ట్రేషన్‌కి ముందే."

"నేను సున్నం వేసేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు. ఎలా చెప్పాలో అర్థంగాక…" అతను తాళం చక్రాలు తిప్పుతూనే ఉన్నాడు. "అయినా ఒక్కదానివి ఎలా ఉంటావ్? మొగుడా, పిల్లలా? పర్చూరంటే పరాయి ఊరా? తిండికి లోటుండదు. నేనక్కడ నీ గురించి దిగులు పెట్టుకోకుండా ఉండాలా వద్దా?"

శ్రీరమ్య పక్క గదిలోంచి మడతపెట్టిన దుప్పటితో వచ్చింది. "నువ్వూ కాస్త సర్దుకోవాలి వదినా. మేం ఎన్ని సర్దుకోవాలి! దేశం కాని దేశం, చలి, వాళ్ళ భాష. మమ్మల్ని చూసేవాళ్ళు ఎవరున్నారక్కడ? నీకన్నా తెలిసిన ఊరు, తెలిసిన పని."

అంకమ్మ తమ్ముడి మొహం చూసింది. తడిపి పిండకుండా వదిలేసిన గుడ్డలా ఉంది. కోప్పడదామని వచ్చింది గాని, కోప్పడాలన్నా ఎదురుగా ఒక మనిషుండాలి. ఇక్కడ ఒక కొత్త కోటు, ఒక జత బూట్లు ఉన్నాయి. ఆమెకి ఒక్కసారిగా ఒళ్ళంతా చల్లబడి, చేతుల మంట మాత్రం మిగిలింది.

"సున్నానికి పెట్టిన ఖర్చు కావాలంటే ఇస్తాన్లే అక్కా," అన్నాడు కృష్ణ.

ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. బుల్లయ్య బండి కదులుతుంటే, "సామాను రేపేలే బాబాయ్," అంది. ఇంట్లో ఇద్దరికీ ఆ మాట వినబడింది. హమ్మయ్య అనుకుని శ్రీరమ్య అప్పటికప్పుడు టీ పెట్టమంది.

తొక్కలు గలగలలాడేదాకా ఎండాక మధ్యాహ్నం అంకమ్మ గంప చంకన పెట్టుకుని మర దగ్గరికి వెళ్ళింది. మర తిరుగుతుంటే వీధిలో నాలుగిళ్ళ అవతల నుంచే గొంతులో గర వస్తుంది. మాలిక్ తువ్వాలు మూతికి కట్టుకుని పై డబ్బాలోకి కాయలు జారుస్తున్నాడు. కళ్ళు రక్తం చిమ్మినట్టున్నాయి. మర కింది మూతికి కట్టిన గుడ్డ సంచీ గాలికి ఉబ్బి, దిగి, ఉబ్బుతోంది. రసూల్‌బీ సంచీ విప్పి, పట్టిన కారాన్ని వేడి చల్లారడానికి గోనె మీద పరుస్తోంది.

"వచ్చింది బాలింత కారం," అంది గంపను చూసి.

మాలిక్ నవ్వబోయి దగ్గు తెరలో పడ్డాడు. గోడ పట్టుకుని వంగిపోయాడు. అంకమ్మ గంప దించి, కొంగు ముక్కు చుట్టూ బిగించి, అతను వదిలిన చోట నిలబడింది. డబ్బా ఖాళీగా తిరిగితే రాయి అరుగుతుంది. గుప్పెడు గుప్పెడుగా తొక్కలు జారుస్తూ, అడ్డం పడ్డప్పుడల్లా కర్రతో డబ్బా పక్కన తట్టింది. సంచీలోంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. గరుగ్గా ఉంది. మళ్ళీ డబ్బాలో పోసింది.  రెండోసారి పట్టాక మెత్తగా వచ్చింది. మాలిక్ కళ్ళు కడుక్కుని వచ్చి మోటారు ఆపాడు. చెవుల్లో ఇంకా అది తిరుగుతున్నట్టే ఉంది.

"డాక్టరు కారం గాలే తగలగూడదన్నాడక్కా," అన్నాడు. "మనిషి కోసం చూస్తున్నా. కుర్రోళ్ళెవరూ ఈ ఘాటుకి నిలబడరు."

"నేను నిలబడతా," అంది అంకమ్మ.

రసూల్‌బీ చెయ్యి గోనె మీద ఆగిపోయింది. "పర్చూరు పోతున్నావంటగా? మీ బాబాయి టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాడు."

"చెప్పాడా? నాకూ అట్టాగే తెలిసింది."

మాలిక్ తువ్వాలు దులిపాడు. "నువ్వుంటానంటే అదృష్టమే. కానీ అక్కా, మీ ఇంటి ఆడపడుచు మా మర మీద కూలి చేస్తే మీవాళ్ళు ఊరుకుంటారా? రేపు ఊళ్ళో మాటొస్తే?"

"మావాళ్ళు ఊళ్ళో ఉంటేగా."

రసూల్‌బీ పకపకా నవ్వి, నవ్వు మధ్యలోనే కొంగుతో కళ్ళొత్తుకుంది. కారమో ఏమో. "వెనక గది ఉంది మాలిక్. బస్తాలు జరుపుదాం."

"దానికి గడియ ఉందా?" అంది అంకమ్మ.

"బస్తాలకి గడియెందుకని పెట్టలా. పెట్టిస్తా," అన్నాడు మాలిక్. "వాళ్ళని పంపించి ఎల్లుండి రా."

"పంపించిందాకా ఉంటే పర్చూరు బండి ఎక్కిస్తారు. నలుగురూ చుట్టూ చేరి మంచి మాటలు చెబుతారు. ఆ మంచి మాటలు నావల్ల కాదు. రేపు ముందే వస్తా."

ఆ రాత్రి ఆమె కారంలో వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు కలిపి రోట్లో తొక్కింది. ఇంత పని చేశాక అందులో తక్కువ చేయబుద్ధి కాలేదు. రెండు పాలిథిన్ సంచులు తొడిగి కొవ్వొత్తి మంట మీద మూతి అతికించింది. పొద్దున్నే, అందరూ ఫోటోలు తీసుకుంటున్నప్పుడు, రసూల్‌బీ రిక్షా పంపిస్తే వెనక దొడ్డిదారిన మంచం, పెట్టె, స్టవ్వు ఎక్కించింది. ఎవరూ చూడలేదు. దొడ్డివైపు ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ వెళ్ళరు.

మధ్యాహ్నానికి హైదరాబాదు వెళ్ళే సుమో వాకిట్లో ఆగింది. దాని వెనక బుల్లయ్య ట్రాలీ. ఇంటినిండా జనం. చైతన్యకృష్ణ తూకం కొక్కేనికి సూట్‌కేసు తగిలించి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. శ్రీరమ్య ముల్లు చూసి, "ఇంకా ఎక్కువే," అంది. దింపాడు. ఏదో తీశారు. మళ్ళీ ఎత్తాడు. తీసేసిన ఇత్తడి కుంది, ఆవకాయ సీసా, పెళ్ళినాటి ఆల్బమ్ నేల మీద పడున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు వాటిని కూడా చూస్తున్నారు.

"వదినగారూ, కారం! దానికి చోటు ఉంచా," శ్రీరమ్య సూట్‌కేసు ముందు బూట్ల కాళ్ళతో గొంతుక్కూర్చుని కేకేసింది.

అంకమ్మ వెనక గదిలోంచి వచ్చింది. భుజానికి గుడ్డసంచీ ఉంది. కుడిచేతిలో కారం పొట్లం.

"అక్కా, మేం వెళ్ళాక ఇల్లు కడిగెయ్యి," అన్నాడు కృష్ణ, సూట్‌కేసు ఎత్తిపట్టుకునే. "ఆసామి సాయంత్రం వస్తాడు, తాళాలు నీ చేత్తో ఇవ్వు. బాబాయ్ అందాకా ఆగుతాడు."

అంకమ్మ తాళాల గుత్తి కిటికీలో పెట్టింది. శ్రీరమ్య ఎదుటికి వచ్చి ఆమెకి పొట్లం చాపింది.

"అక్కడ పెట్టండి వదినగారూ."

అంకమ్మ చెయ్యి చాచే ఉంది.

"అయ్యో, కింద పెట్టండి, తీసుకుంటా. కారం చేతికిస్తారా ఎవరన్నా?"

చెయ్యి అలాగే ఉంది.  పక్కింటి ముసలావిడ, "అవునమ్మా అంకమ్మా, ఉప్పూ కారం చేతికి చేతికిస్తే మనుషుల మధ్య చుట్టరికం తెగిపోద్ది. ప్రయాణం వేళ. నీకు తెలీందా, కింద పెట్టు," అంది.

"కింద పెట్టమంటుంటే నీక్కాదూ!" శ్రీరమ్య గొంతు కీచుమంది. గారు, అండి ఎక్కడో జారిపోయాయి. చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది. "కృష్ణా, చెప్పు మీ అక్కకి!"

కృష్ణ సూట్‌కేసు దించనూ లేక, మోయనూ లేక, "అక్కా… ఏంటక్కా ఇది?" అన్నాడు.

అంకమ్మ వంగింది. మరదలి మణికట్టు పట్టుకుని వీపు వెనక నుంచి ముందుకు తీసుకొచ్చింది. గట్టిగా ఏం పట్టుకోలేదు. ఎంత పసిగా ఉందీ చెయ్యి అనిపించింది. ఒక్కొక్క వేలూ విప్పి, అరచేతిలో పొట్లం పెట్టి, మళ్ళీ ఆ వేళ్ళని దాని మీద మూసింది. చూస్తున్న తమ్ముడి వైపు ఒకసారి చూసింది.

నేల మీది ఆల్బమ్‌ని తొక్కకుండా పక్కనుంచి నడిచి గుమ్మం దాటింది. మెట్ల కింద చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. బీరువా మీదికి తాడు విసురుతున్న బుల్లయ్య ఆమెను చూసి చోటు చేశాడు.

"ఎక్కు అమ్మాయ్. ముందు కూర్చుంటావా, వెనకా?"

అంకమ్మ ట్రాలీ పక్కనుంచి, సుమో పక్కనుంచి వీధిలోకి నడిచి, మర వైపు తిరిగింది.